చదువు ముగిసిన నాడు లెక్క చెప్పేదెవరు?

తెలుగు బ్రాహ్మణ పెళ్లిళ్లలో కాశీయాత్రకు ముందు చేసే స్నాతకం ఇప్పుడు తొందరగా ముగించే ఒక తంతు. ఒకప్పుడు అది గురువు ఇంట ఏళ్ల తరబడి సాగిన చదువుకు ముగింపు. శిష్యుడు స్నానం చేసి, మొలకు కట్టుకున్న మౌంజినీ చేతిలోని దండాన్నీ విడిచి ఇంటిదారి పట్టే రోజు. పారస్కర గృహ్యసూత్రం ఇలా బయలుదేరేవాళ్లను మూడు రకాలుగా చెప్పింది. వేదం పూర్తయి వ్రతం మిగిలినవాడు ఒకడు, వ్రతం పూర్తయి వేదం మిగిలినవాడు ఇంకొకడు, రెండూ పూర్తయినవాడు మూడోవాడు. ముగ్గురికీ స్నాతకుడన్న పేరు దక్కింది. ఎంత పూర్తయిందన్నదానితో పాటు ఏది మిగిలిందన్నదీ అక్కడ లెక్కలోకి వచ్చింది. బయటినుంచి వచ్చి ప్రశ్నపత్రం చేతికిచ్చే మనిషి మాత్రం ఆ తంతులో ఎక్కడా కనబడడు. మరి ఆ చదువు లెక్క ఎవరు చెప్పేవారు? చాలావరకు చదువుకున్నవాడే చెప్పేవాడని, అడిగే పెద్ద ఒకరు ఎదురుగా ఉండేవారని నా అభిప్రాయం. ఈ రెండూ కలిసి ఉన్నంతకాలం ఆ లెక్కకు విలువ ఉంది. ఆధునిక విశ్వవిద్యాలయం మొదటిదాన్ని తీసేసింది. ఇప్పటి సంస్కరణలు మొదటిదాన్ని తిరిగి తెస్తున్నాయి గాని రెండోదాన్ని మరచిపోతున్నాయి.

ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి విద్య కోసం వెళ్తాడు. ముందు నీకు తెలిసినదేమిటో చెప్పు, ఆపైన నేను చెబుతానంటాడు సనత్కుమారుడు. నారదుడు నాలుగు వేదాలతో మొదలుపెట్టి ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య అంటూ పెద్ద జాబితా చదువుతాడు. చివరికి తనకు మంత్రాలే తెలుసు గాని ఆత్మ తెలియదని, తాను దుఃఖంలో ఉన్నానని తానే ఒప్పుకుంటాడు. నేర్చినదంతా వరసగా చెప్పుకుంటూ పోతేనే లోటు ఎక్కడుందో అతనికి దొరికింది. వినయపిటకంలోని మహావగ్గలో జీవకుడి కథ మరోలా నడుస్తుంది. రాజగృహం నుంచి తక్షశిలకు వెళ్లి ఏడేళ్లు వైద్యం చదివిన జీవకుడు, ఈ చదువుకు అంతమెప్పుడని గురువును అడుగుతాడు. గునపం పట్టుకుని తక్షశిల చుట్టూ యోజనం మేర తిరిగి, మందుకు పనికిరానిది ఏది కనబడినా తెమ్మంటాడు గురువు. జీవకుడు వట్టి చేతులతో తిరిగొచ్చి అలాంటిది ఏదీ కనబడలేదంటాడు. చదువు పూర్తయిందని గురువు తీర్పు చెప్పి, దారిఖర్చుకు కొంత ఇచ్చి పంపిస్తాడు. ఈ పరీక్షలో గొప్పతనమేమిటంటే, గురువు దగ్గర సరైన జవాబుల పట్టీ లేదు. శిష్యుడు ఆ యోజనమంతా ఏ కళ్లతో చూశాడన్నదే ఆయనకు కావలసింది.

ఇవి కథలు, చరిత్ర కాదు అని ఎవరైనా అనవచ్చు. నిజమే, నారదుడి సంభాషణను జరిగిన సంఘటనగా ఎవరూ తీసుకోనక్కర్లేదు. అయితే చదువు ముగింపు ఎలా ఉండాలని ఒక సమాజం అనుకుందో ఆ సమాజం దాచుకున్న కథలే చెబుతాయి. అంతకంటే బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది. తన గురించి తాను చెప్పుకునే మాటను నమ్మడమెలా? దీనికి జవాబు ఆ ఛాందోగ్యంలోనే శ్వేతకేతువు రూపంలో ఉంది. పన్నెండేళ్లు చదివి, ఇరవై నాలుగో ఏట అన్నీ తెలుసునన్న గర్వంతో అతను ఇంటికొస్తాడు. తండ్రి ఉద్దాలకుడు ఒక్క ప్రశ్న వేసేసరికి అతని దగ్గర సమాధానం ఉండదు. స్వీయ అంచనా మోసం చేయగలదని ఆ కాలానికీ తెలుసు. అందుకే శిష్యుణ్ణి ఒంటరిగా వదిలేయకుండా ఎదుట ఒక సనత్కుమారుణ్ణి, ఒక ఉద్దాలకుణ్ణి కూర్చోబెట్టింది.

గురుకులంలో చోటు అతికొద్దిమందికే దొరికిందన్నది దాటవేయకూడని మాట. ఊరి బడుల సంగతీ గొప్పగా లేదు. థామస్ మన్రో గవర్నరుగా ఉండగా జరిపించిన విద్యా విచారణకు జవాబుగా 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ పంపిన నివేదికలో లెక్కలున్నాయి. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగువి. మొత్తం పిల్లలు 6,641 మంది, అందులో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. పిల్లలు పద్యాలు కంఠస్థం చేస్తున్నారు గాని అర్థం తెలియదని క్యాంబెల్ గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శను కాదనలేం, వీధిబడిలో నారదుడి మాదిరి ఆత్మపరీక్ష వెతకడం వృథా. కాని అదే క్యాంబెల్ ఒకదాన్ని మెచ్చుకున్నాడు. పై పిల్లలు కింది పిల్లలకు పాఠం చెబుతూ, ఆ చెప్పడంలోనే తమ చదువును గట్టిపరచుకుంటున్నారని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనని రాశాడు. మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ 1797లో లండన్‌లో ప్రచురించిన పుస్తకం ద్వారా ప్రచారమైన పద్ధతి ఇదే. తనకేమి వచ్చునో, ఎక్కడ తడబడుతున్నాడో పిల్లవాడికి తెలియడానికి చిన్నపిల్లవాడి ఎదుట కూర్చోవడం కంటే మంచి చోటు ఉండదు.

ఈ ఏర్పాటును మార్చింది 1857. ఆ ఏడాది పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో వచ్చింది. పాఠం చెప్పడం కళాశాలల పని, పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడం విశ్వవిద్యాలయం పని. రాజమండ్రిలో చదివినవాడి చదువును అతని ముఖం ఎరగని మనిషి, అతని అక్షరాలు మాత్రమే చూసి తేల్చేవాడు. దీనివల్ల మేలు జరిగిందని చెప్పి తీరాలి. గురువు అభిమానం, కులం, ఇంటిపేరు చూడని ఆ దూరం గురుకులం తలుపు తెరుచుకోనివాళ్లకు ఒక దారి చూపింది. అందుకే పరీక్ష పోవాలని నేను అనను. అయితే ఆ దారికి చెల్లించిన మూల్యం పెద్దది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే పరీక్షల సంస్కరణనే సూచిస్తామంది. తన చదువు ఎంతో తనకు తెలియక, ఫలితాలొచ్చేదాకా ఎదురుచూసే అలవాటు తరాలుగా పాతుకుపోయింది.

విద్యాహక్కు చట్టం తర్వాత నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. తెలుగు పాఠాల చివర ఏవి చేయగలనో, ఏవి చేయలేనో పిల్లలే అవును, కాదు అని గుర్తు పెట్టుకునే పట్టికలు వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం ప్రగతి పత్రంలో పిల్లల స్వీయ మూల్యాంకనానికి చోటిచ్చింది. ఇది పరాయి దేశపు మోజని కొట్టిపారేసేవారికి నారదుడి జాబితాను గుర్తుచేస్తే చాలు. నా బెంగ వేరు. పిల్లవాడు 'కాదు' అని పెట్టిన గుర్తును చూసి, ఏది రాలేదు నాయనా అని అడిగే పంతులుగారికి సిలబస్ తరుముతుంటే తీరికెక్కడిది? ఆ పట్టికకు మార్కులు ముడిపెడితే ఏ పిల్లవాడూ 'కాదు' అని పెట్టడు. ఉద్దాలకుడు కొడుక్కి మార్కులు వేయలేదు, కొడుకు తెలియదని ఒప్పుకుని చెప్పమన్నాక కూర్చోబెట్టి మళ్లీ మొదటినుంచి పాఠం చెప్పాడు. ప్రగతి పత్రంలో గడి ఒకటి పెంచేటప్పుడు పంతులుగారి వారంలో పీరియడ్లు కొన్ని తగ్గించి, ఆ తీరికను ఈ సంభాషణకు ఇవ్వాలి.