నడుంనొప్పిలో ప్రమాద సూచనలు: ఫిజియోథెరపీలో ఒక జాబితా చరిత్ర

నడుంనొప్పితో వచ్చిన వ్యక్తిలో క్యాన్సర్, వెన్నుపూస విరగడం, వెన్నెముక క్షయ వంటి తీవ్రవ్యాధి దాగి ఉందేమోనని చికిత్సకు ముందే పరిశీలించే పద్ధతి ఫిజియోథెరపీలో స్థిరపడింది. అనుమానం రేపే ఆనవాళ్లను ‘రెడ్ ఫ్లాగ్స్’ అంటారు. 1994 నాటి మార్గదర్శకాలతో ఈ పద్ధతి పుట్టిందని, తరువాతి పరిశోధనలు దాన్ని నిష్ప్రయోజనమని తేల్చాయని సాధారణంగా చెప్పే చరిత్రలో రెండు మాటలూ సగం నిజాలే.

1894లో లండన్‌లో నలుగురు నర్సులు మర్దన చికిత్సకుల సంఘం స్థాపించినప్పుడు, వైద్యుని ఆదేశం లేనిదే చికిత్స చేయరాదని నియమం పెట్టుకున్నారు. రోగనిర్ధారణ వైద్యునిదిగా ఉన్నంతకాలం ప్రమాద సూచనలను వెతికే భారం వారిపై పడలేదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం 1957లో, ఆస్ట్రేలియా వృత్తి సంఘం 1976లో వైద్యుని సిఫారసు అవసరం లేకుండా చేశాయి. వియత్నాం యుద్ధకాలంలో ఎముకల వైద్యులు చాలక అమెరికా సైన్యం తొలి పరీక్షనే ఫిజియోథెరపిస్టులకు అప్పగించింది. రోగి నేరుగా వచ్చిన చోటికి బాధ్యత కూడా వచ్చింది గనుకనే, ఫిజియోథెరపిస్టుల కోసం గుడ్‌మన్, స్నైడర్‌లు రాసిన వ్యాధి విచక్షణ గ్రంథం 1990లోనే, అంటే మార్గదర్శకాలకు ముందే వెలువడింది.

అసలు వివాదం 1988 నుంచి 1994 వరకు జరిగిన మార్పు గురించి. రిచర్డ్ డెయో, ఆండ్రూ డీల్ 1988లో ప్రకటించిన అధ్యయనంలో నడుంనొప్పితో వచ్చిన 1,975 మందిలో 13 మందికి, అంటే నూటికి ఒక్కరికన్నా తక్కువమందికి, క్యాన్సర్ కారణమని తేలింది. యాభై ఏళ్లు లేదా అంతకు మించిన వయసు, గతంలో క్యాన్సర్ రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, నెల రోజుల చికిత్సకూ నొప్పి తగ్గకపోవడం అనే నాలుగింటిలో కనీసం ఒకటి ఆ 13 మందిలోనూ ఉంది. అయితే క్యాన్సర్ లేనివారిలో కూడా పదిమందిలో నలుగురికి వాటిలో ఏదో ఒకటి ఉంది. కాబట్టి ఆ లెక్క చెప్పింది ఒక్కటే: ఏ ఆనవాలూ లేనివారిని నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు. ఒక ఆనవాలు కనిపించినవారిలో నిజంగా క్యాన్సర్ ఉన్నవారు నూటికి ఇద్దరు కూడా ఉండరు. పదమూడు మందిపై నిలిచిన లెక్కను అతి జాగ్రత్తగా వాడుకోవాలన్నది కూడా ఇక్కడే చెప్పవలసిన మాట.

1994లో అమెరికా ప్రభుత్వ మార్గదర్శకం, అదే ఏడాది బ్రిటన్ నివేదిక ఈ తేడాను నిలుపుకోలేదు. ఛాతీ వెనుక నొప్పి, స్టెరాయిడ్ల వాడకం, జ్వరం, చిన్న వయసు, పెద్ద వయసు వంటివన్నీ చేరి జాబితా పెరిగింది. ‘ఏదీ లేకపోతే వదిలేయవచ్చు’ అన్న వాక్యం వాడుకలో ‘ఏదైనా ఉంటే అనుమానించాలి’ అన్న ఆజ్ఞగా తలకిందులైంది. దాని ఫలితం హెన్ష్కే బృందం సిడ్నీ రోగులపై చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో కనిపించింది: 1,172 మందిలో తీవ్రవ్యాధి ఉన్నవారు 11 మందే, వారిలో ఎనిమిది మందికి వెన్నుపూస విరిగింది, కనీసం ఒక రెడ్ ఫ్లాగ్ ఉన్నవారు మాత్రం నూటికి ఎనభై మంది. దీన్నే పద్ధతికి మరణశాసనంగా చదవడం తొందరపాటు. ఆ పదకొండులో క్యాన్సర్ ఒక్కటీ లేదు. పైగా స్త్రీ కావడం, డెబ్బై దాటిన వయసు, పెద్ద దెబ్బ తగలడం, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడడం అనే నాలుగింటిలో ఒకటికి మించి కలిసినప్పుడు వెన్నుపూస విరిగిందన్న అనుమానం బాగా బలపడుతుందని ఆ అధ్యయనమే చూపింది. విఫలమైనవి విడివిడి ఆనవాళ్లు, వాటి కలయిక కాదు. అయినా ఏ ఆనవాలూ లేకపోవడం కూడా పూర్తి రక్షణ కాదు: 2018లో ప్రేమ్‌కుమార్ బృందం పరిశీలించిన రోగులలో వెన్నెముక క్యాన్సర్ ఉన్నవారిలో నూటికి 64 మందికి ఒక్క రెడ్ ఫ్లాగ్ కూడా కనబడలేదు.

డెయో చెప్పిన నాలుగో ఆనవాలు మొదటి రోజు తెలిసేది కాదు, నెల గడిస్తేనే తెలుస్తుంది; రోగిని పదేపదే చూసే ఫిజియోథెరపిస్టుకే అది అందరికన్నా ముందు కనిపిస్తుంది. రెడ్ ఫ్లాగ్స్‌పై 2020 నాటి అంతర్జాతీయ చట్రం కూడా జాబితాలో టిక్కులు పెట్టడం వదిలి అనుమానపు స్థాయిని బేరీజు వేయమని, రోగిని గమనిస్తూ ఉండమని చెప్పడం ఆలస్యంగానైనా సరైన దిద్దుబాటు.

మన దేశంలో ఈ దిద్దుబాటు సరిపోదు. ప్రపంచ క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు ఉన్న భారతదేశంలో సిడ్నీ లెక్కలతో నిశ్చింతగా ఉండడం ప్రమాదకరం. వెన్నెముక క్షయలో జ్వరం, బరువు తగ్గడం అందరిలోనూ కనిపించవు, తగ్గని నొప్పే తొలి సూచన కావచ్చు. తొలిరోజు ఫారం నింపి మూసేసే అలవాటును మన కళాశాలలు మానాలి. క్షయ, క్యాన్సర్ ప్రశ్నలను తగ్గని నొప్పితో తిరిగి వచ్చిన ప్రతిసారీ అడగడం, జవాబును కేసు షీటులో రాయడం పాఠ్యాంశంలోనూ పరీక్షలోనూ తప్పనిసరి చేయాలి.