మాట పోయినను వినికిడి పోదు

పక్షవాతముచే మాట పడిపోయిన పెద్దల మంచము కడనే, 'వీరికేమియు తెలియదు' అని బంధువులు చెప్పుకొనుట నేను పలుమారులు వింటిని. అది తొందరపాటని వైద్యచరిత్ర చెప్పుచున్నది.

1861వ సంవత్సరమున పారిస్ చెంతనున్న బిసేత్ర్ వైద్యశాలలో నొక రోగి యుండెను. 'టాన్' అను శబ్దము తప్ప అతని నోట దాదాపు మరేమియు రాదు. అట్లు 21 ఏండ్లు అచ్చటనే గడపెను. అయినను ఇతరులు చెప్పినది చాలవరకు గ్రహించి, చేసైగలతో బదులిచ్చెడివాడు. అతడు మరణించిన పిమ్మట పాల్ బ్రోకా అను వైద్యుడు పరీక్షింపగా, మెదడున ఎడమవైపు ముందుభాగము చెడియుండెను.

1874లో జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికే దీనికి విపర్యయమును చూపెను. కొందరు ధారాళముగ పలుకుదురు. విన్నది మాత్రము వారికి బోధపడదు. వారికి చెడునది ఎడమ చెవి దాపుననున్న మెదడు భాగము.

పలుకుట వేరు, గ్రహించుట వేరు అని ఇట్లు తేలినది. వాక్యార్థగ్రహణమునకు మెదడునందలి పెక్కు భాగములు కూడి పనిచేయవలెననియు, మాట పడిపోయిన వారిలో పలువురకు మెలికల వాక్యములు చిక్కు పెట్టుననియు తరువాత తెలిసినది.

కావున అట్టివారితో చిన్న వాక్యములతో, నెమ్మదిగ మాటలాడి, సైగకై వేచియుండుడు. వారి యెదుట వారి చావును గూర్చి మాత్రము ముచ్చటింపకుడు. వారు వినుచుండవచ్చును.