అతిశయోక్తి అడుగులు: నైషధం నుంచి మహాప్రస్థానం దాకా

వెనకటి లేఖకులు రాతలో ఒక అక్షరం అక్కర్లేదనుకుంటే దాని చుట్టూ సున్నా చుట్టేవారు. చదివేవాళ్ళు దాన్ని వదిలేసి ముందుకు సాగేవారు. శ్రీహర్షుడు తన సంస్కృత నైషధంలోకి ఈ అలవాటును తెచ్చుకున్నాడు. నలుడి ప్రతాపమూ కీర్తీ ఉండగా ఇక సూర్యచంద్రులెందుకని బ్రహ్మకు తోచినప్పుడల్లా వాళ్ళ చుట్టూ ఒక గీత చుడతాడట. మనం వరదగుడి అని పిలిచేది ఆ కొట్టివేత గుర్తునే. ఒక రాజును పొగడడానికి సూర్యచంద్రులనే కొట్టేయడం కన్నా పెద్ద మాట ఏముంటుంది? అయినా ఎబ్బెట్టుగా తోచదు. ఆ మాట కింద ఒక లేఖకుడి చెయ్యి ఉంది, ఆకాశంలో నిజంగా కనిపించే గుడి ఉంది. శ్రీనాథుడు ఈ కావ్యాన్ని శృంగార నైషధంగా తెనిగించడంతో ఇంతటి సాహసం తెలుగు పద్యానికి ఇంటి ఆస్తి అయింది.

వెయ్యేళ్ళ తెలుగు కవిత్వాన్ని వెనక్కి తిరిగి చూస్తే, అతిశయోక్తి బతికి బట్టకట్టిన ప్రతిచోటా ఇలాంటి ఆధారం ఒకటి దొరుకుతుంది. ఆ ఆధారం జారిపోయిన చోట పద్యం ఎంత గంభీరంగా మోగినా డొల్లే.

ఆలంకారికులు దీన్ని ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. భామహుడు అతిశయోక్తిని చర్చిస్తూనే, వక్రోక్తి అంటే ఇదే, ఇది లేకుండా అలంకారమే లేదన్నాడు. దండి మిగతా అలంకారాలన్నిటికీ దీన్నే ఆశ్రయంగా చెప్పాడు. ఆ దండే మరోచోట, లోకం ఒప్పుకునే మేరలో సాగే వర్ణనను ‘కాంతి’ అనే గుణంగా మెచ్చుకుని, మేర దాటిన అత్యుక్తి గౌడుల అభిరుచి అని పక్కన పెట్టాడు. ఆ తర్వాత అప్పయ్య దీక్షితుల కువలయానందం దాకా భేదాలు పెరుగుతూ వచ్చాయి. కారణం కన్నా ముందే కార్యం జరిగిపోయిందని చెప్పడం కూడా అందులో ఒక భేదం. మన బళ్ళలో ఇదంతా గోరంతను కొండంత చేసి చెప్పడం అనే ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. ఆ గోరంత ఎక్కడిది, ఎవరిది అని పిల్లలను అడిగేవాళ్ళు లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

భారతాన్ని తెనిగించిన నన్నయ, తిక్కనలకు కథే కొండంత. దాన్ని ఇంకా పెంచాల్సిన అవసరం వాళ్ళకు పెద్దగా రాలేదు. ఉత్తర గోగ్రహణంలో కౌరవసేన మీదికి వస్తున్న అర్జునుణ్ణి తిక్కన ఆకలితో గుహలో పడి ఉండి ఏనుగుల గుంపును చూసి లేచిన సింహంతో పోల్చాడు. సింహం పోలిక పాతదే. ఆ ఆకలి మాత్రం పదమూడేళ్ళ అరణ్య, అజ్ఞాతవాసాలది. అందుకే పాత పోలికకు కొత్త కోరలు మొలిచాయి.

పోతన దగ్గర ఆగక తప్పదు. బలి దానమిచ్చాక వామనుడు పెరుగుతాడు. బ్రహ్మాండమంతా నిండిపోయే ఆ పెరుగుదలను మాటల్లో కొలవడం ఎలా? పోతన సూర్యుణ్ణి కదపకుండా ఉన్నచోటనే ఉంచాడు. మొదట ఆ సూర్యబింబం వటువుకు గొడుగు. తర్వాత తలమీది రత్నం, చెవికి పోగు, మెడలో నగ, భుజాన కేయూరం, ముంజేతికి కంకణం, నడుముకు గంట, కాలి అందె. చివరికి పాదపీఠం. పెరిగిందెంతో ఒక్క అంకె లేకుండా, ఆశ్చర్యార్థకం ఒక్కటీ లేకుండా చూపించాడు. మనిషి ఒంటి మీద నగలు పెట్టుకునే చోట్లు తెలిస్తే చాలు, పద్యం అర్థమవుతుంది. పండితుడికీ, పొలం గట్టున భాగవతం విన్నవాడికీ ఒకేలా అందింది అందుకే. తెలుగులో ఇంతకు మించిన అతిశయోక్తి నాకు కనిపించలేదు.

పదహారో శతాబ్దపు ప్రబంధాల్లో ఈ విద్య పెళ్ళి ముస్తాబు చేసుకుంది. మనుచరిత్రలో పెద్దన అరుణాస్పదపురాన్ని చూపిస్తూ, ఆ ఊరి కోట గోడలు ఆకాశాన్ని ముద్దాడతాయనీ, మేడల సున్నపు కాంతికి చంద్రుడిలోని లేడి కూడా తెల్లబడిందనీ అంటాడు. కొత్తగా సున్నం కొట్టిన గోడ వెన్నెల్లో ఎలా మెరుస్తుందో చూసినవాడే ఆ మాట అనగలడు.

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఇంకో దారి. విలుబుత్తూరులో పంటకాలువల గట్టున బాతులు రెక్కల్లో తలలు దూర్చి నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానం చేసిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టలు కాబోలుననుకుని, ఇచ్చేద్దామని తలారులు దిగుతారు. బాతులు ఎగిరిపోతాయి. చేను కాసే ఆడవాళ్ళు నవ్వుతారు. అలంకారం పేరు భ్రాంతిమంతం. కానీ అక్కడ మనకు కనిపించేది ఒక ఊరి పొద్దు. వానాకాలంలో పచ్చికట్టెలు రాజక నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఇల్లాలిని కూడా ఈ కావ్యంలో రాయలే చూపించాడు. చక్రవర్తి కళ్ళు వంటింటి పొగ దాకా వెళ్ళాయి కాబట్టే అతని పెద్ద ఊహలను కూడా నమ్ముతాం.

ఆ తర్వాత చాలాకాలం నడుము సింహానిదీ, నడక ఏనుగుదీ, కీర్తి తెలుపూ చేతులు మారుతూ వచ్చాయి. చూసి రాసేవాళ్ళు తగ్గి, చదివి రాసేవాళ్ళు పెరిగారు. శతకాలు, వేమన పద్యాలు, కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలోని నిందాస్తుతి ఈ ఎండలో చెట్టు నీడలు. గత శతాబ్దం మొదట్లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వవిచారము’లో ప్రబంధ వర్ణనలను గట్టిగా నిలదీశారు. ఆ నిలదీత అవసరమే. అయితే దాని వేడిలో పెద్దననూ, ఆయనను అనుకరించినవాళ్ళనూ ఒకే గాట కట్టేయడం తర్వాతివాళ్ళు చేసిన అన్యాయం.

గురజాడ ఈ కథను మలుపు తిప్పాడు. కన్యాశుల్కంలో పెద్ద మాటలన్నీ గిరీశానివి. తనతో మాట్లాడడమే చదువని శిష్యుణ్ణి నమ్మించే ఆ నోట అతిశయోక్తి కవి అలంకారంగా కాక, పాత్ర స్వభావంగా పలుకుతుంది. కవి పక్కకు తప్పుకుని మనల్ని వినమన్నాడు.

జాషువ పాత సామగ్రినే తీసుకుని దాని గుణం మార్చాడు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురంపాడు. 1941లో వచ్చిన గబ్బిలంలో కబురు పంపేది గుడిలోకి రానివ్వని అరుంధతీయుడు. కబురు శివుడికి. మోసేది గబ్బిలం, ఎందుకంటే ఆ మనిషికి లేని గుడి ప్రవేశం దానికి ఉంది. ఊహ ఎంత వింతదో, దాని వెనకున్న అన్యాయం అంత మామూలుగా రోజూ జరిగేది. నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథి తెలంగాణను రత్నాల వీణగా చూశాడంటే, ఆ వీణకు బందిఖానా తెలుసు.

శ్రీశ్రీ మహాప్రస్థానం 1950లో పుస్తకమైంది. జయభేరిలో ‘నేను’ లోకాన్ని కాల్చే మంటకు తానూ ఒక సమిధను ఆహుతి ఇచ్చానంటుంది, విశ్వమంత పెద్దదవుతుంది. ఒక్క మనిషి అంత మాట అనడానికి అర్హత ఏమిటని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. జవాబు ఆ పుస్తకంలోనే, భిక్షువర్షీయసిలో ఉంది. చెట్టు కింద కూర్చున్న ముసలి బిచ్చగత్తెను కవి చల్లారిన కుంపటితో పోల్చాడు, అంతకు మించి గొంతు పెంచలేదు. ఆమె ముందు నిలబడి చూసిన కళ్ళే జయభేరిలోనూ ఉన్నాయి. అందుకే ఆ విశ్వమంత ‘నేను’ నాకు ఒక్క అక్షరం కూడా ఎక్కువనిపించదు.