ఏబది గంటల తొలికాన్పు

1817వ సంవత్సరము నవంబరు 3వ తేదీ, సోమవారము. సాయంకాలము 7 గంటల వేళ ఇంగ్లండులోని క్లేర్‌మాంట్ భవనములో 21 ఏండ్ల రాకుమారి షార్లట్‌కు ఉమ్మనీరు పోయి నొప్పులు ఆరంభమైనవి. మూడవ జార్జి రాజునకు ధర్మసంతానమగు మనుమలలో ఆమె యొక్కతెయే. కావున ఆమె కనబోవు శిశువు ఒకనాడు సింహాసనమెక్కవలసినదే. కాన్పునకు సాక్షులుగా మంత్రులు వచ్చి పక్కగదిలో కూర్చున్నారు.

లెక్క ప్రకారము కాన్పు రెండు వారములకు ముందే కావలసియుండినది. వైద్యుడు సర్ రిచర్డు క్రాఫ్టు నెలల తరబడి ఆమె భోజనమును తగ్గించి, పలుమారులు రక్తము తీయించినాడు. శిశువు పెద్దది కాకుండుటకు ఇది మంచిదని ఆ కాలపు నమ్మకము. తల్లికి రక్తము మిక్కిలి అవసరమగు గడియ ముందున్నదని అప్పుడెవరికి తట్టలేదు!

తొలిచూలు కాన్పు ఆలస్యమగుట సహజమే. గర్భాశయ ముఖము మొదట పలుచబడి, పిదప తెరచుకొనవలెను. తరువాతి కాన్పులలో ఈ రెండు పనులు చాలవరకు కలిసి జరుగును. తొలికాన్పులో ఒకదాని వెనుక నొకటి జరుగును. పైగా శిశువు దిగివచ్చు దారిలోని కండరములు అంతకుముందెన్నడు సాగి యెరుగవు. అయినను షార్లట్ విషయములో గర్భాశయ ముఖము పూర్తిగా తెరచుకొనుటకే 26 గంటలు పట్టినది. అప్పటికి మంగళవారము రాత్రి 9 గంటలు. అక్కడినుండి శిశువు వెలుపలికి వచ్చుటకు మరి 24 గంటలు పట్టినది.

క్రాఫ్టు ఊరకుండలేదు. సాయమునకు జాన్ సిమ్సు అను వైద్యుని పిలిపించినాడు. ఆయన బుధవారము తెల్లవారుజామున 2 గంటలకు వచ్చినాడు గాని, రాకుమారి కలవరపడునేమోనని ఆమె గదిలో అడుగిడలేదు. శిశువు తలను పట్టి లాగెడి పటకారు, అనగా ఫోర్సెప్సు, ఆ యింట సిద్ధముగానే యున్నది. దానిని వాడలేదు. ఎందుకు?

ఆ కాలపు పరిస్థితి నెరిగి తీర్పు చెప్పవలెను. సూక్ష్మజీవులను గూర్చి వైద్యుల కేమియు తెలియదు. మత్తుమందు ఇంకను లేదు. సింప్సను కాన్పులో క్లోరోఫారము వాడుట 1847లో గాని జరుగలేదు. కడుపుకోసి బిడ్డను తీసినచో తల్లి బ్రతుకుట చాలా అరుదు. పటకారుతో తొందరపడి లాగిన వైద్యులు చేసిన హానిని చూచి, క్రాఫ్టునకు మామగారును గురువును అగు థామస్ డెన్మను, ప్రకృతి తన పని చేయువరకు ఓపిక పట్టవలెనని గట్టిగా బోధించినాడు. అల్లుడు ఆ బోధను పాటించినాడు. డెన్మను సైతము ఒక హద్దు పెట్టియుండెను. తల క్రిందికి దిగి ఆరు గంటలు నిలిచిపోయినచో పటకారు వాడవచ్చునని ఆయన మతము. కాని ఆ హద్దు ఏ క్షణమున దాటినదో గది లోపల నిలబడినవాడు చెప్పుట అంత తేలిక కాదు.

బుధవారము మధ్యాహ్నము నల్లని స్రావము కనిపించినది. శిశువు ఆపదలో నున్నదనుటకు అది గుర్తు. రాత్రి 9 గంటలకు తొమ్మిది పౌనుల మగశిశువు, ప్రాణము లేకుండ, పుట్టినాడు. మాయ తనంత వెలువడక, క్రాఫ్టు చేతితో తీయవలసివచ్చినది. రక్తము పోయినది. తల్లి మాత్రము నెమ్మదిగానే మాటలాడినది. నడిరేయి దాటగానే వాంతి, ఊపిరాడకపోవుట ఆరంభమైనవి. గురువారము తెల్లవారుజామున 2:30 గంటలకు ఆమె మరణించినది. లోలోపల రక్తస్రావమే కారణమని పలువురు తలచినారు; ఇతర కారణములు చూపినవారును కలరు. ఆ వివాదము నేటికిని తెగలేదు.

రాజకుటుంబము క్రాఫ్టును నిందించలేదు. లోకము నిందించినది. 1818 ఫిబ్రవరిలో మరియొక స్త్రీకి ఇట్లే కాన్పు ఆలస్యమగుచుండగా, ఆ యింటిలోనే ఆయన తుపాకితో కాల్చుకొని చనిపోయినాడు. వారసులు కరవైన రాజు కుమారులు త్వరత్వరగా పెండ్లాడినారు. అట్టి వివాహములలో నొకదానికి 1819లో పుట్టినదే విక్టోరియా. పటకారు వాడుట విషయములో వైద్యుల అతిసంకోచము సయితము ఈ మరణము తరువాత తగ్గినది.

“ఎంతసేపు వేచియుండవలెను?” అను ప్రశ్నకు కొలత దొరకుటకు ఇంకను శతాబ్దముపైగా పట్టినది. 1955లో అమెరికా వైద్యుడు ఇమాన్యుయేల్ ఫ్రీడ్‌మను 500 మంది తొలిచూలు స్త్రీల కాన్పులను పరిశీలించి, గర్భాశయ ముఖము ఏ గంటకు ఎన్ని సెంటీమీటర్లు తెరచుకొన్నదో గీతగా గీసినాడు. 1972లో నేటి హరారే నగరమునందు ఫిల్‌పాట్, కాసిల్ అనువారు ఆ గ్రాఫు కాగితముపై రెండు గీతలు చేర్చినారు. ఒకటి హెచ్చరికకు, దానికి నాలుగు గంటల తరువాతిది చర్యకు. దూరపు పల్లెలోని మంత్రసాని సైతము గీత దాటగానే స్త్రీని ఆసుపత్రికి పంపవచ్చును. గంటకొక సెంటీమీటరను లెక్క అందరికి సరిపోదని తరువాత తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో దానిని సడలించి, తొలికాన్పులో పూర్తిగా తెరచుకొన్న పిదప శిశువు సాధారణముగా 3 గంటలలో పుట్టునని చెప్పినది. షార్లట్‌కు అదే దశ 24 గంటలు సాగినది.

అదే సంస్థ 2020లో క్రొత్త కాన్పు పత్రము నొకదానిని వెలువరించినది. అందులో గీతలకన్న ముందు వచ్చు గడులు వేరు: తల్లి ప్రక్కన తోడెవరైన నున్నారా, నొప్పి తగ్గుట కేమైన నిచ్చినారా, త్రాగుట కేమిచ్చినారు, ఆమె ఏ భంగిమలో నున్నది?