పనికి వెళ్లే దారి – యాజమాన్యం చేయదగిన ఏర్పాట్లు

రాయచూరు జిల్లాలో కృష్ణానది ఒడ్డున, దేవసూగూరు చెంత శక్తినగర్ ఉన్నది. వంతెన దాటితే తెలంగాణలోని కృష్ణా గ్రామం. శక్తినగర్‌లోని రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ 1985లో మొదలైంది. 2010లో చేరిన ఎనిమిదవ యూనిట్‌తో సామర్థ్యం 1720 మెగావాట్లకు పెరిగింది. రేయింబవళ్లు నడిచే ఇటువంటి కర్మాగారాలకు కార్మికుడు వేళకు చేరడం ఎంత ముఖ్యమో, క్షేమంగా ఇల్లు చేరడం అతని కుటుంబానికి అంత ముఖ్యం.

ఎవరి వాహనంపై వారు వచ్చిపోవడాన్ని తగ్గించే ఏర్పాట్లు ముఖ్యంగా మూడు.

నివాసం: పని పక్కనే ఇల్లుంటే వాహనంతో అవసరమే తక్కువ. శక్తినగర్‌లో విద్యుత్ కేంద్రం కాలనీ, లింగసుగూరు తాలూకాలో హట్టి బంగారు గనుల కాలనీ ఇందుకు నిదర్శనాలు. అయితే క్వార్టర్లు సాధారణంగా పర్మనెంటు ఉద్యోగులకే దక్కుతాయి. కాంట్రాక్టు కార్మికుడు ఊరి నుండి రావలసిందే.

ఉమ్మడి వాహనం: యాభై సీట్ల బస్సు నిండితే యాభై మోటారు సైకిళ్ల వరకు రోడ్డుపై తగ్గుతాయి. కాని బస్సు షిఫ్టు వేళకు కుదరాలి. రాత్రి తిరిగివెళ్లే దారి లేదన్న భయమే చాలామంది చేత అప్పు చేయించి బండి కొనిపిస్తుంది. కర్ణాటకలో 2023 జూన్ 11 నుండి, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరు 9 నుండి మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం లభించింది. ఛార్జీ తప్పినా, వేళకు బస్సు లేనిదే ప్రయోజనం అరకొరే.

అమెరికాలో సమస్య కార్లది. వాషింగ్టన్ రాష్ట్రం 1991లోనే చట్టం చేసి, ఉదయం 6 నుండి 9 గంటల మధ్య నూరుమంది లేదా అంతకు మించి విధుల్లో చేరే పెద్ద సంస్థలు కారు ప్రయాణాలను తగ్గించే ప్రణాళిక వేయాలని ఆదేశించింది. మన తెలుగువారెందరో పనిచేసే మైక్రోసాఫ్ట్ అక్కడి రెడ్మండ్‌లో 2007లో ఉద్యోగులకు సొంత బస్సులు ప్రారంభించింది.

పనిచోటి వసతులు: క్యాంటీన్ ఉంటే మధ్యాహ్న భోజనానికి ఇంటికి పోయివచ్చే ప్రయాణం తప్పుతుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించిన చోట క్యాంటీన్‌ను నిర్దేశించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను 100కు తగ్గించి, కాంట్రాక్టు కార్మికులను సైతం లెక్కలో చేర్చింది. సైకిల్ షెడ్డు, స్నానపు గది, బట్టలు భద్రపరచుకొనే చోటు ఉంటే సమీప గ్రామాలవారు సైకిలుపై రాగలరు.

దారిలో ప్రమాదం జరిగితే: ఇంటికీ పనికీ నడుమ జరిగే ప్రమాదాన్ని ఉద్యోగ ప్రమాదంగా పరిగణించే నిబంధన 2010 సవరణతో ఈఎస్‌ఐ చట్టంలో చేరింది. 2025లో అమలైన సామాజిక భద్రతా స్మృతిలోనూ అది ఉన్నది. ప్రమాదం జరిగిన వేళకు, చోటుకు ఉద్యోగంతో సంబంధం రుజువు కావాలి. కనుక హాజరు వివరాలు, పోలీసు ఫిర్యాదు ప్రతి, ఆసుపత్రి చీటీలు కుటుంబం భద్రపరచాలి.

బస్సు కోరేటప్పుడు ఒట్టి వినతిపత్రం చాలదు. ఏ ఊరి నుండి ఏ షిఫ్టుకు ఎందరు వస్తున్నారో ఒక పట్టిక జతచేస్తే, యాజమాన్యానికైనా, కాంట్రాక్టరుకైనా, బస్సు డిపోకైనా కాదనడం కష్టమవుతుంది.