ఎపిడారస్ రాతి పలకలు

నేను బడిలో చదివింది తమిళం. తెలుగు మా అమ్మ నోట విన్నది, రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయిన అక్టోబరులో జర్మనీలో ఉద్యోగం చేసే మా అబ్బాయి నన్ను గ్రీసుకు తీసుకుపోయాడు. ఏథెన్సు నుంచి కొరింథు కాలువ దాటి ఎపిడారస్ చేరాము. జనం వచ్చేది అక్కడి రాతి థియేటరు కోసం. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో కొండవాలు మీద కట్టింది. కింద 34 వరుసలు, పైన 21. 12,000 మందికి పైగా పడతారు. నడుమ నాణెం జారవిడిస్తే చిట్టచివరి వరుసకు వినిపిస్తుందని అందరూ చెప్తారు. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు యంత్రాలు పెట్టి కొలిచి, అంతదూరం స్పష్టంగా రాదన్నారు. నా మోకాళ్ళు సగంలోనే ఆగిపోయాయి కాబట్టి నేను సాక్ష్యం చెప్పలేను.

అయితే ఆ థియేటరు ఉన్నదే పక్కనున్న గుడి వల్ల. అస్క్లెపియస్ అని వైద్యం చేసే దేవుడు. రోగులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, స్నానం చేసి, బలి ఇచ్చి, రాత్రి అబటాన్ అనే పొడుగాటి మండపంలో పడుకునేవారు. కలలో దేవుడు వచ్చి నయం చేస్తాడని నమ్మకం. నయమైనవాళ్ళ పేరు, ఊరు, జబ్బు రాతి పలకల మీద చెక్కించారు. 1881లో మొదలైన తవ్వకాల్లో ఆ పలకలు కొన్ని దొరికాయి. సుమారు 70 మంది కథలు ఉన్నాయి. నాకు నచ్చింది యూఫనీస్ అనే పిల్లవాడిది. మూత్రంలో రాయి. కలలో దేవుడు, నయం చేస్తే నాకేమిస్తావని అడిగాడట. ఆడుకునే ఎముక పాచికలు పది ఇస్తానన్నాడు వాడు. దేవుడు నవ్వి నయం చేశాడు.

నేను పార్శిల్ ఆఫీసులో 31 ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి. డెలివరీ పుస్తకం చూడగానే, చేరని పార్శిళ్ళ పుస్తకం ఏదని అడగడం అలవాటు. ఇక్కడ ఆ రెండో పుస్తకం లేదు. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో పౌసానియస్ అనే యాత్రికుడు మాత్రం ఒక మాట రాసిపెట్టాడు. ఆ పవిత్ర స్థలం హద్దు లోపల ఎవరూ చావకూడదు, ఎవరూ పుట్టకూడదు. అందువల్ల పోయే ప్రాణాలు ఆరుబయట పోయేవి, ఆడవాళ్ళకు కాన్పు కావడానికి నీడ ఉండేది కాదు. ఆయన కాలంలోనే ఆంటోనినస్ అనే రోమన్ సెనేటరు వాళ్ళకోసం ఒక ఇల్లు కట్టించాడు. అంటే అంతకుముందు కొన్ని వందల ఏళ్ళు ఆ నీడ కూడా లేదన్నమాట!

ఆరేళ్ళ క్రితం ఒక ఆసుపత్రిలో, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి అన్నారు. వాన పడుతోంది. మా ఆవిడను స్ట్రెచర్ మీద గేటు దగ్గర పెట్టుకుని ఆటో కోసం ముప్పావుగంట నిలబడ్డాను. ఆ సంగతి పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. అబటాన్ దగ్గర నిలబెట్టిన స్తంభాల నీడలో కూర్చుని మావాడికి చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, నాన్నా, మ్యూజియం మూసేస్తారేమో, ఆ పలకలు చూసి వద్దాం పద అన్నాడు. వెళ్ళి చూశాము.