గీత పడని పుటలు

అబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాటపై పరచే పాత పుస్తకాలలో ఒకనాడు నాకు విల్కీ కాలిన్స్ రచించిన ‘ది మూన్‌స్టోన్’ లభించింది. ఆక్స్‌ఫర్డ్ వారి వరల్డ్స్ క్లాసిక్స్ వరుసలోనిది, 1928లో టి.ఎస్. ఎలియట్ సంతరించిన పీఠికతో కూడిన చిన్న ప్రతి. పేరు చూచి చంద్రకాంతశిల అనుకొనేరు! కథలోని మణి పసుపువన్నె వజ్రం. సోమనాథంలో చంద్రుని విగ్రహపు నుదుట వెలిగినదట.

నాకంటె ముందు దీనిని చదివినవారెవరో గాని మహా శ్రద్ధాళువులు. తలుపు రంగు ఎప్పుడు ఆరింది, ఆ రంగు అంటిన రాత్రి చొక్కా ఏమైంది, ఎవరు అబద్ధమాడారు అన్న ప్రతి ఆనవాలు క్రిందా పెన్సిలు గీతలున్నవి. ఉపోద్ఘాతంలో మాత్రం ఒక్క గీతయినా లేదు. వారిని తప్పుపట్టను. విద్యార్థిదశలో నేను చదివిన సంక్షిప్తప్రతిలో ఆ భాగమే లేదు. ఆ లోటు నాకు తోచనూ లేదు.

ఆ ఉపోద్ఘాతం 1799 మే 4న, టిప్పు సుల్తాను నేలకొరిగిన నాడు, శ్రీరంగపట్టణంలో జరుగుతుంది. హెర్న్‌కాసిల్ అనే ఆంగ్ల సైన్యాధికారి ఆయుధశాలలో నెత్తురోడే బాకుతో కనబడతాడు. బాకు పిడిలో వజ్రం, చుట్టూ కూలిన ముగ్గురు భారతీయులు. చూచినది అతని బంధువే. చంపుతుండగా తాను చూడలేదు గనుక రుజువు లేదని, ఆ సంగతి కుటుంబంవారికి మాత్రం వ్రాసి ఊరకుంటాడు. ఆ మాట క్రింద నేనే ఒక గీత గీశాను.

దోచినవారిని ఉరితీస్తామని జనరల్ బెయిర్డ్ హెచ్చరించినట్లు నవలలో ఉన్నది. చరిత్రలోనూ మరునాడు ఆర్థర్ వెలస్లీ కొందరిని ఉరితీయించి కొల్లను అణచాడు. అటుపిమ్మట టిప్పు ధనాన్ని సైన్యంవారే లెక్కగట్టి హోదాలను బట్టి పంచుకున్నారు. ఒంటరిగా ఎత్తుకుపోతే చౌర్యం, పట్టీ వ్రాసి పంచుకుంటే బహుమానం! టిప్పు పులిబొమ్మ అట్లే లండను చేరి, నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది.

నవలలో అసలు కథ 1848లో మొదలవుతుంది. రాచెల్ అనే కన్యకు పుట్టినరోజు కానుకగా వచ్చిన ఆ వజ్రం ఆ రాత్రే మాయమవుతుంది. గులాబీలంటే ప్రాణమిచ్చే సార్జెంట్ కఫ్ వస్తాడు. ఆయన పరిశోధించేది ఈ రెండవ చౌర్యాన్నే. మొదటిదానికై ఎవరూ కబురంపరు. మన శ్యమంతకోపాఖ్యానంలో నీలాపనింద మోసిన కృష్ణుడే అడుగుజాడలు పట్టి వెళ్లి, మణిని తెచ్చి సత్రాజిత్తుకు అప్పగించాడు. ఇక్కడ ఫ్రాంక్లిన్ బ్లేక్ కూడ తానే జాడ తీస్తాడు. మణి సొంతదారెవరన్న చింత మాత్రం ఆ యింట ఎవరినీ ఎంతోసేపు బాధించదు.

కాలిన్స్‌ను బాధించినట్లే ఉన్నది. కోహినూరు కథ తనకు ఆధారాలలో ఒకటని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నాడు. కృష్ణాతీరపు కొల్లూరు గనిలో పుట్టినదని మనవారు చెప్పుకొనే ఆ వజ్రాన్ని 1849లో లాహోరు సంధి పేర పదేండ్ల దులీప్ సింగు నుండి పుచ్చుకున్నారు. 1851లో లండను మహాప్రదర్శనలో పెట్టారు. మరుసటి ఏట సానబట్టి 186 క్యారట్లను 105కు దించారు. 1857 తిరుగుబాటు తరువాత పదకొండేండ్లకే, 1868లో, ఈ నవల డికెన్స్ పత్రికలో వారం వారం వెలువడింది. నాటి ఆంగ్ల పాఠకుల ఎదుట మణిని గెలిపించినది దానిని వెదుకుతూ వచ్చిన ముగ్గురు బ్రాహ్మణుల చేతనే. బాలుని అరచేతిలో సిరా పోసి అంజనం వేయించిన ఘట్టం నాకు నవ్వు తెప్పించినా, ఈ సాహసాన్ని కాదనలేను.

చివరకు కాఠియవాడలో మణి చంద్రుని నుదుటికి చేరుతుంది. సముద్రం దాటి కులం కోల్పోయిన ఆ ముగ్గురూ, ఇక ఎన్నడూ కలియరాదన్న ప్రాయశ్చిత్తానికి తలయొగ్గి, కౌగిలించుకొని, మూడు దారులు పట్టి జనంలో కలిసిపోతారు.